రాజుగారి ప్రాణం దాచిన చోటు

మా రాజుగారు మొదటిసారి చచ్చిపోయినప్పుడు బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ లేచి గంతులు వేశారు. నేను కుర్చీలోంచి కదలలేదు. వచ్చే శనివారం ఆయన తిరిగి వస్తాడని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. చదువుకని దేశం దాటి గ్వెల్ఫ్ వచ్చాక అంత సుఖం నాకు మరెక్కడా దొరకలేదు.

ఆట సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. ఒకరు కథ చెబుతారు: ఇదిగో కోట, ఇదిగో తలుపు, తలుపు వెనక ఏదో గీరుతున్న చప్పుడు. మిగతావాళ్ళు తలొక పాత్రను పట్టుకుని తామేం చేస్తారో చెబుతారు. చేయగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. దయ్యాలకూ, దొంగలకూ, దారిన పోయే ముసలమ్మలకూ గొంతు ఇవ్వాల్సింది కథ చెప్పేవాళ్ళే. మా ఆటలో ఆ పని నాది.

క్లాసులో నా పేరు పిలిస్తే చెయ్యి ఎత్తుతాను తప్ప పలకను. ఫోన్లో మాట్లాడాల్సి వస్తే ముందు ఏం అనాలో డైరీలో రాసుకుంటాను. మేం అద్దెకున్న ఇంటి బేస్‌మెంట్‌లో, శనివారం మధ్యాహ్నాలు, ఆ బల్ల దగ్గర మాత్రం గంటల తరబడి మాట్లాడేదాన్ని. ముగ్గురు మనుషులు నోరు తెరుచుకుని వినేవారు.

ముగ్గురిలో పెద్ద వరంగల్ అన్న. మాస్టర్స్ అయిపోయి పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో కారు సీట్లకు భాగాలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. ఇంట్లో కారు ఉన్నది ఆయనకే కాబట్టి సరుకులకైనా, హాస్పిటల్‌కైనా ఆయన వెనకే వెళ్ళాలి. ఆటలో ఆయన గొడ్డలి పట్టిన యోధుడు. రెండోవాడు కడప అబ్బాయి, కాఫీ షాపు కౌంటర్‌లో పనిచేసేవాడు, ఆటలో దొంగ. మూడో మనిషి నా రూమ్మేట్, రాజమండ్రి పిల్ల. మా ఇద్దరి మంచాల మధ్య ఒక చిన్న హీటరే అడ్డం. ఆమె ఆటలో వైద్యురాలు.

ఆ బేస్‌మెంట్‌లో చేతులున్న కుర్చీ ఒక్కటే. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ రోడ్డు పక్కన వదిలేస్తే అన్న మోసుకొచ్చాడు. కథ చెప్పేవాళ్ళు అందులో కూర్చుంటారు. అది ఎవరికి దక్కాలన్నదానికి మాకొక రివాజు ఉండేది. ఈ ఆట ఆడే ఇక్కడి పిల్లలకు చెబితే నమ్మరు. గల్లీ క్రికెట్‌లో అవుట్ చేసినవాడికే బ్యాట్ ఇస్తారు కదా, అలాగే ఇక్కడ విలన్‌ను మళ్ళీ లేవకుండా చంపినవాళ్ళకే కుర్చీ. మొదట్లో అన్నే కథ చెప్పేవాడు. ఆయన విలన్ ఒక డ్రాగన్. నా పాత్ర భయపడి కళ్ళు మూసుకుని వేసిన బాణం దాని కంట్లో దిగింది. పాచిక మీద ఇరవై పడింది మరి. అలా ఆ కుర్చీ నాకు వచ్చింది.

"ఏం ఫికర్ లేదు చెల్లె," అన్నాడు అన్న లేస్తూ. "రెండు వారాలల్ల నీ విలన్‌ని లేపేస్త. నా సీటు నాకిచ్చెయ్యి."

నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వులాటకు అనలేదు. విలన్ ఉన్నంతకాలం నేను మాట్లాడతాను, పోయిన రోజు నా మాట కూడా పోతుంది. అందుకే చచ్చినవాణ్ణి పెట్టుకున్నాను. ఎప్పుడో చచ్చిపోయి, మంత్రంతో లేచి, ఎముకల మీద పట్టుబట్టలు కట్టుకుని రాజ్యం ఏలుతున్న రాజు. చచ్చినవాణ్ణి చంపడం అంత తేలిక కాదు.

అప్పట్లో నా పార్ట్‌టైమ్ ఒక సూపర్‌మార్కెట్‌లో, కొన్నవాళ్ళే బిల్లు వేసుకునే సెల్ఫ్ చెకౌట్ మిషన్ల దగ్గర. మిషన్ మీద ఎర్రలైటు వెలిగినప్పుడల్లా పరుగెత్తాలి. ఎదుటి మనిషి తిడుతున్నా నవ్వుతూ, మీకు సహాయం చేయనా అని అడగాలి. ఆ గొంతే రాజుగారికి ఇచ్చాను. ఆయన ఎప్పుడూ అరవడు. అందరినీ గారు అంటాడు. ఊరి మీద పడినప్పుడు ఒక తల్లితో, "అమ్మా, కాస్త పక్కకు జరుగుతారా? మీ వెనక ఉన్న బాబు కావాలి," అన్నాడు.

"విలన్ అంటె ఒర్రాలె గద చెల్లె!" అన్నాడు అన్న. "గీయన బ్యాంక్ మేనేజర్ లెక్క మాట్లాడుతుండు."

"నాకు మాత్రం బెదురు పుడతాందన్నా," అన్నాడు కడప అబ్బాయి. "మా కాలేజీ ప్రిన్సిపాల్ అచ్చం ఇట్లనే సస్పెండ్ చేసినాడు నన్ను."

ఆ రోజే ఆయనకు డెడ్ అంకుల్ అని పేరు పెట్టారు. తర్వాత ఉత్త అంకుల్ అయిపోయాడు.

మొదటిసారి కాల్చారు. వచ్చాడు. రెండోసారి తల నరికారు. తర్వాతి శనివారం వాళ్ళు దిగిన సత్రం తలుపు ఎవరో తట్టారు. తీస్తే రాజుగారు, తల చంకలో పెట్టుకుని. "భోజనాల వేళ వచ్చానా? మీరు కానివ్వండి, ఆగుతాను," అన్నాడు.

"వచ్చిండురా నాయనా అంకుల్!" అని అన్న నెత్తి కొట్టుకున్నాడు. రూమ్మేట్ నవ్వి నవ్వి కుర్చీతో సహా వెనక్కి పడబోయింది.

ఆ భోజనాల దగ్గరే రాజుగారు అన్న పాత్రకు ఒక కబురు చెప్పాడు. యోధుడికి ఎప్పుడో తప్పిపోయిన తమ్ముడొకడున్నాడని ఆట మొదట్లో అన్నే కల్పించుకున్నాడు. "మీ తమ్ముడుగారు మా దగ్గరే ఉన్నారు," అన్నాడు రాజుగారు. "పోయిన ఏడాది పోయారు. పోయాక బాగా పనిచేస్తున్నారు. ఆకలి లేదు, సెలవు అడగరు."

"గీ మాట మా సూపర్‌వైజర్ వింటె నోట్ చేసుకుంటడు," అన్నాడు అన్న. అందరం నవ్వాం. ఆయన నవ్వు మిగతావాళ్ళ కంటే ముందు ఆగింది. నేను చూశాను, నాకు బాగుంది.

నది సంగతి ఆ తర్వాత. రూమ్మేట్ వైద్యురాలు గొర్రెల కాపరి కూతురు, ఒక కాలు కుంటి. ఆమె బొమ్మ గీసి తన మంచం పైన గోడకు అంటించుకుంది రూమ్మేట్. బల్ల మీద పెట్టడానికి మట్టితో వేలెడంత ప్రతిమ చేసి రంగులు కూడా వేసింది. గడ్డకట్టిన నది దాటుతుంటే ఆమె పాచిక మీద ఒకటి పడింది. కుంటిపిల్ల మంచు కిందికి జారిపోయింది. యోధుడికి అందలేదు, దొంగకు అందలేదు. రూమ్మేట్ ప్రతిమను బల్ల మీంచి తీయబోయింది. ఆమె గొంతు మారిపోవడం విన్నాను.

అప్పుడు రాజుగారిని పంపాను. ఆయన చేత్తో మంచు పగలగొట్టి పిల్లను పైకి తీశాడు. ఆయనకే ఊపిరి లేదు కాబట్టి ఊపిరి పోయలేడు, నోటి మీద అరచెయ్యి పెట్టాడు. పిల్ల దగ్గింది. జుట్టులో ఒక పాయ తెల్లబడింది. "మీ అమ్మాయి. చలిలో తిప్పకండి," అని గట్టు మీద పడుకోబెట్టి వెళ్ళిపోయాడు.

"చూశారా! అంకుల్ మంచోడే," అంది రూమ్మేట్ కళ్ళు తుడుచుకుంటూ. "మీరే ఊరికే నరుకుతున్నారు ఆయన్ని."

ఆ అరచెయ్యి పెట్టినప్పుడే రాజుగారు, అప్పటిదాకా కోటలో దాచుకున్న తన ప్రాణాన్ని మార్చి ఆ పిల్లలో దాచాడు. ఆమె ఉన్నంతకాలం ఆయన ఎన్నిసార్లు చచ్చినా లేస్తాడు. నేను బాగా ఆలోచించే ఆ చోటు ఎంచుకున్నాను. బల్ల దగ్గర ముగ్గురికీ ఇష్టమైన ప్రాణి ఆ కుంటిపిల్ల ఒక్కతే. అన్న ఎవరి మాటా వినకపోయినా ఆమె ఆగమంటే గొడ్డలి దించేవాడు. కడప అబ్బాయి దొంగిలించిన తేనె ఆమెకే తెచ్చిచ్చేవాడు. ఒకవేళ సంగతి బయటపడినా ఆమె మీద ఎవరూ చెయ్యి ఎత్తరు. ప్రాణాన్ని విడదీసే వేరే దారి వెతుకుతారు. ఆ దారులు కూడా తయారుచేసి పెట్టుకున్నాను: ఎండిపోయిన బావి అడుగున ఒక గుడి, పేరు మరిచిపోయిన మంత్రసాని, ఇంకొకటి. అవన్నీ తిరిగేసరికి మంచు కరిగి చెట్లు చిగురిస్తాయి. అప్పటిదాకా కుర్చీ నాదే.

ఇంకో మూడుసార్లు చంపారు, మూడుసార్లూ వచ్చాడు. అప్పుడు కడప అబ్బాయి బల్ల మీద చరిచాడు.

"మనకు బుద్ధి లేదన్నా. వీని ప్రాణం వీని దగ్గర యాడుంటాది? ఏ చిలకలోనో పెట్టింటాడు."

ముగ్గురూ ఒక్కసారే తలలు పట్టుకున్నారు. చిన్నప్పుడు అన్నం ముద్దతో పాటు మింగిన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో తప్ప ఇంకెక్కడుంటుంది? వేరేవాళ్ళయితే పాత సమాధులు తవ్వేవారు, పండితులను అడిగేవారు. మావాళ్ళు పక్షుల మీద పడ్డారు. నేను అవుననలేదు, కాదనలేదు. "ప్రయత్నించండి," అన్నాను. నా రాజ్యం చలిదేశం, చిలకలు లేవని మాత్రం చెప్పాను.

"చిలక లేకుంటె బాతు," అన్నాడు అన్న. క్యాంపస్‌లో మెడ చాచి వెంటపడే పెద్దబాతులంటే ఆయనకు పాత పగ. మొదట అవి పోయాయి. తర్వాత కాకులు, పావురాలు. తర్వాత ఊళ్ళ మీద పడి కోళ్ళు. గూట్లో నిద్రపోతున్న కోళ్ళకు కూడా ఒక్కోదానికి పాచిక వేయాలా అని అన్న విసుక్కుంటే, నిద్రపోతున్న ప్రాణికి పాచిక అక్కర్లేదు, దెబ్బ తప్పదు అన్నాను. ఆట తొందరగా సాగాలి కదా.

ఒక ముసలమ్మ కోడిని దుప్పటి కింద దాచుకుంది. "బాబూ, ఇది గుడ్డు పెడితేనే నా మనవరాలికి పూట గడుస్తుంది," అన్నాను ఆమె గొంతుతో.

"దేశం కోసమమ్మా," అని అన్న దుప్పటి లాగేశాడు.

"ఛీ, అన్నా," అంది రూమ్మేట్. "బిర్యానీ తినేటప్పుడు కూడా ఇంత కసి ఉండదు నీకు."

"ముసలమ్మ కోడిని వండుతాదా, మనకు పెడతాదా, అడగక్కా," అన్నాడు కడప అబ్బాయి.

పక్షులు పోయాక పురుగులు పెరిగాయి. పంటలు పోయాయి. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, శ్మశానాలు నిండాయి. రాజుగారికి కావలసింది శవాలే. ఆయన సైన్యం రెట్టింపు అయింది. స్వయంగా వచ్చి వాళ్ళకు నమస్కారం పెట్టాడు. "మీ రుణం ఎలా తీర్చుకోను? నా మనుషులు చేయలేని పని చేశారు. పిచ్చుకలు కొన్ని మిగిలాయి, మరిచిపోకండి." వెనక ఆయన సైన్యంలో, ముందు వరుసలో, దుప్పటి కప్పుకున్న ఒక ముసలమ్మ నిలబడి ఉందని చెప్పాను.

పైన వంటింట్లో ఎవరో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ నిశ్శబ్దాన్ని నేను తాపీగా అనుభవించాను. బయట ఎవరి ముందూ మాట పెగలని మనిషిని, ముగ్గురూ తల దించుకునేలా చేశాను.

అన్న ఆ రోజు తల దించుకుని బల్లనే చూస్తూ కూర్చున్నాడు. బల్ల మీద మట్టిబొమ్మ ఉంది. నేను మోసం చేయలేదు. నది తర్వాత రాజుగారు చచ్చిన ప్రతిసారీ కుంటిపిల్ల జుట్టులో ఇంకో పాయ తెల్లబడిందని చెబుతూనే వచ్చాను. రూమ్మేట్ ఆ పాయలను ప్రతిమ మీద తెల్లరంగుతో దిద్దుతూనే వచ్చింది. అందంగా ఉందని అందరూ అన్నారు. లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. ఆ రోజు అన్న వేశాడు.

తర్వాతి శనివారం మూడు పాత్రలూ అడవిలో మకాం వేశారు. బయట మంచు పడుతోంది. మెట్ల దగ్గర మా బూట్లు నీళ్ళు కారుతున్నాయి. రూమ్మేట్ పకోడీలు చేసి తెచ్చింది.

"చెల్లె, ఒక్కటి అడుగుత," అన్నాడు అన్న. "వీళ్ళిద్దరు పండుకున్నరా?"

"పడుకున్నారు. కాపలా మీదే."

"పక్కా?"

"పక్కా."

అన్న చెయ్యి చాచి మట్టిబొమ్మను ఎత్తి వెలుగులో తిప్పాడు. "అంకుల్ పానం గిండ్ల ఉన్నది," అన్నాడు.

రూమ్మేట్ నా వైపు చూసింది, కాదంటానని. నా ముఖానికి అబద్ధం ఆడడం రాదు.

"ఏంటే? నిజమా?"

"అబ్బా! సూపర్ అన్నా," అన్నాడు కడప అబ్బాయి. "మరి ఇప్పుడెట్ల? ఎవరన్నా మంత్రగాని దగ్గరికి పోదామా?"

"దారి ఉంటుంది," అంది రూమ్మేట్ గబగబా. "ఇది పెట్టిందంటే తీసే దారి కూడా పెట్టే ఉంటుంది. ఉంది కదే?"

"ఉంది," అన్నాను. "మూడు దారులున్నాయి."

"ఎన్ని రోజులు పడ్తది?" అడిగాడు అన్న.

"ఏమో. ఏప్రిల్ దాకా పట్టొచ్చు."

"నేను గొడ్డలి తీస్తున్న."

"అన్నా!"

"నిద్రపోయేటోల్లకు డైస్ అక్కర్లేదు. కోళ్ళ కాడ చెల్లెనే చెప్పింది. నొప్పి గూడ తెల్వదు, మంచి నిద్రల ఉన్నది పిల్ల."

"అది నాది అన్నా. నేను చేసుకున్నది."

"ఇంకోటి చేసుకో. పది నిమిషాల పని," అన్నాడు అన్న. ఆయన గొంతులో కోపం లేదు, కసి లేదు. క్యూలో తన వంతు వచ్చిన మనిషి గొంతు అది.

ముగ్గురూ నా వైపు తిరిగారు. పిల్ల కళ్ళు తెరిచింది అంటే చాలు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఆ హక్కు ఉంది. పిల్ల బతుకుతుంది, రాజుగారు బతుకుతాడు, నేను ఏప్రిల్ దాకా మాట్లాడతాను. రూమ్మేట్ పెదవులు కదిలాయి, ఆ మాటే నాకు అందిస్తున్నట్టు. కానీ పడుకున్నారని పక్కాగా చెప్పింది నేనే. అవసరానికి మాట మార్చేవాళ్ళ కథ ఎవరూ వినరు. వినని మనుషుల ముందు ఆ కుర్చీ నాకెందుకు?

"గొడ్డలి దిగింది," అన్నాను.

తర్వాత ఏమైందో చెప్పాను. పిల్ల చెయ్యి పక్కనున్న మందుల సంచిని వెతికిందని, వెతికింది తన కోసం కాదని, నిద్రలో కూడా ఎవరికో దెబ్బ తగిలిందనుకుందని చెప్పాను. అక్కడికి చాలా దూరంలో, కోటలో, రాజుగారు మాట మధ్యలో ఆగి, సేవకుల వైపు తిరిగి, "దీపాలు ఆర్పేయండి. ఇక అవసరం లేదు," అన్నాడని చెప్పాను. ఆ కుర్చీలో కూర్చుని చెప్పినవాటన్నిటిలో అదే బాగా చెప్పాను. కడప అబ్బాయి చప్పట్లు కొట్టబోయి, రూమ్మేట్ ముఖం చూసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అన్న బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "లే చెల్లె."

లేచాను. ఆయన కూర్చుని కుర్చీ చేతులు రెండూ తట్టాడు. "మస్తున్నది," అన్నాడు.

పైకి వెళ్ళాక రూమ్మేట్ ఉతికిన బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "ఎప్పట్నించి ఉంది?"

"నది దగ్గర్నించి."

"అంటే నవంబర్. ఇన్నాళ్ళూ నాతో కలిసి చారన్నం తింటూ, రోజూ ఆ బొమ్మ చూస్తూ, ఒక్కసారి చెప్పాలనిపించలేదా?"

"చెప్తే ఆటేముంటుంది?"

"అన్న సంగతి తెలిసిందే. గొడ్డలి ఉంటే కొడతాడు. నువ్వు నా పిల్లని అడ్డం పెట్టుకున్నావు, ఆ కుర్చీకి."

"నీ పిల్ల కాబట్టే పెట్టాను. దాన్ని ఎవరూ కొట్టరనుకున్నాను."

"అదే అంటున్నా," అని ఆమె తన బట్టలు తీసుకుని నావి అలాగే వదిలేసింది.

ఎన్నిసార్లు ఆలోచించినా ఆ చోటు తప్పనిపించదు. ఒక్కడే కాపలా ఉన్నప్పుడు మిగతావాళ్ళను పక్కాగా నిద్రపుచ్చి ఉండకూడదు, అంతే. రూమ్మేట్ గోడ మీది బొమ్మ తీయలేదు. తీస్తే బాగుండేది. పొద్దున కళ్ళు తెరవగానే నల్లజుట్టుతో ఉన్న కుంటిపిల్ల కనబడేది.

అన్న కొత్త ఆట మొదలుపెట్టాడు. ఆయన విలన్ ఒక సేనాపతి, వచ్చీ రాగానే ఒర్రాడు. పేరు, ఊరు అడగకుండానే మమ్మల్ని యుద్ధంలోకి తోశాడు. నేను మళ్ళీ విలుకత్తెనయ్యాను. వైద్యం చేసేవాళ్ళు ఒకరుండాలని అన్న పట్టుబడితే రూమ్మేట్ మళ్ళీ వైద్యురాలైంది, ఈసారి బొమ్మ చేయలేదు, ఒక బాటిల్ మూత పెట్టింది. మొదటి దాడిలోనే ఈటె దిగి నేను పడిపోయాను. పడిపోయినవాళ్ళు తమ వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేయాలి. పదికి తక్కువ అంకె మూడుసార్లు పడితే పోయినట్టే. ఎవరైనా వైద్యం చేస్తే ఆ బాధ లేదు. నాకు రెండుసార్లు చిన్నదే పడింది.

"పక్కనే ఉన్నవ్ గద, లేపు చెల్లెని," అన్నాడు అన్న రూమ్మేట్‌తో.

ఆమె తన కాగితం చూసుకుంది. "మందు ఎంతుంది నా దగ్గర?"

"ఒక్కరికి సరిపోతది."

"అయితే తమ్ముడికి వేస్తా. భుజం గీరుకుపోయింది వీడికి."

"అక్కా, నాకేం కాలేదక్కా," అన్నాడు కడప అబ్బాయి. "గీత పడింది, అంతే."

"గీతే. పుండు పడుతుంది," అంది ఆమె. "వేసేశా."

అన్న పగలబడి నవ్వాడు. "అరె, గిది మస్తున్నది! వెయ్ చెల్లె, నీదే."

వేశాను. పాచిక దొర్లుకుంటూ బల్ల దాటి ఆమె చెయ్యికి తగిలి ఆగింది. ఆమె దాన్ని కదలకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, అంకె అందరికీ కనబడేలా బల్ల మధ్యకు జరిపింది. నాలుగు.